పల్లె చెంతకు న్యాయపీఠం

మల్దకల్ మండలంలో కాలువ నీటికై తగాదా వస్తే రైతు గద్వాల న్యాయస్థానానికి వెళ్ళాలి. వాయిదా వాయిదాకూ దారి ఖర్చుతోపాటు ఒక దినపు కూలినీ కోల్పోవాలి. ఈ దూరాన్ని తగ్గించుటకే పార్లమెంటు చేసిన 2008 నాటి గ్రామ న్యాయాలయాల చట్టం 2009 అక్టోబరు 2న అమలులోకి వచ్చింది. న్యాయాధికారి పల్లెలకే వచ్చి విచారణ జరపాలని, సివిలు వ్యాజ్యాలను ఆరు నెలల్లో పరిష్కరించుటకు యత్నించాలని ఆ చట్టం ఆశయం. కాని వాటి స్థాపనను అది రాష్ట్రాల ఇష్టానికే విడిచింది. నిర్వహణకు కేంద్ర సాయం తొలి మూడేళ్ళకే పరిమితం. ఆపై భారమంతా రాష్ట్రానిదే. అందుకే పలు రాష్ట్రాలు వెనుకంజ వేశాయి.

బాటకు, బడికి నిధులు కోరే మనం న్యాయపీఠానికీ కోరాలి. బడ్జెట్టులో చోటు దక్కనంత మాత్రాన ఆ వ్యయం తప్పిపోదు. దానిని పేదవాడు వాయిదాకొక కూలి చొప్పున చెల్లిస్తూనే ఉంటాడు.