ఉన్నత పాఠశాలలో పరదేశ భాష

శంషాబాదు దాటి బెంగుళూరు బాటపై నున్న పాల్మాకుల గ్రామమునుండి యొక సోదరి మాకొక జాబు వ్రాసినది. ఆమె కుమార్తె యీ యేడు ఎనిమిదవ తరగతిలో చేరవలసి యున్నది. పాఠశాలవారు ఫ్రెంచిగాని జర్మనుగాని యొక పరదేశ భాషను ఎన్నుకొనవచ్చునని చెప్పిరట. ఫ్రెంచియైన మార్కులు సులభముగా వచ్చునని భర్తగారి యభిప్రాయము. ఇంట మాటలాడువారు లేని భాష ఆడపిల్లకెందుకని అత్తగారి యభిప్రాయము. తనకు తెలుగును కొంచెము ఉర్దూయును తప్ప మఱియొక భాష రాదనియు, బిడ్డకు సాయపడలేని తల్లి యేమని నిర్ణయింపవలె ననియు ఆమె యడుగుచున్నది.

ఈ ప్రశ్న యామె యొక్కతెది కాదు. 2008వ సంవత్సరమున శంషాబాదున విమానాశ్రయము వెలసిన నాటినుండి ఆ చుట్టుపట్ల గ్రామములవారికి దూరదేశము లనునవి కథలలోని మాటలు కాక, ఇంటిమీదుగా పోవు విమానముల గమ్యస్థానములైనవి. కావున ఇంటింటను ఈ చర్చ పుట్టుట సహజమే. మాకు తోచినంత వఱకు విచారించి చెప్పెదము.

మొట్టమొదట నొక భేదమును గ్రహింపవలెను. ఒక భాషను నేర్చుట వేఱు; ఒక భాషలో సమస్తమును నేర్చుట వేఱు. ఈ రెండింటిని కలిపివేయుటచేతనే తల్లులకు కలవరము కలుగుచున్నది. నిజాము ప్రభుత్వ కాలమున మన తెలంగాణపు బిడ్డలకు ఉన్నత విద్య ముఖ్యముగా ఉర్దూలో లభించెడిది. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన యంతయు ఆ భాషలోనే జరిగెను. ఉర్దూ పరదేశ భాష కాదు. మన నగరవీథులలో పెరిగిన మధురమైన భాషయే. అయినను తెలుగింటి బాలికకు అది యింటి భాష కాదు. లెక్కయైనను చరిత్రయైనను తెలియని మాటలలో చదువవలసి వచ్చుటచే ననేక బాలికలు ప్రాథమిక విద్యతోనే నిలిచిపోయిరి. ఆ లోపమును తీర్చుటకే మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దలు 1928లో నారాయణగూడలో తెలుగు బోధనాభాషగా బాలికల పాఠశాలను స్థాపించిరి. అచ్చటి బాలికలు ఇతర భాషలను మానలేదు. ఆలోచించుటకు మాత్రము తమ భాషను నిలుపుకొనిరి.

ఇదియే మా మొదటి మాట. పరదేశ భాష తెలుగుతో గూడ వచ్చినచో లాభము. తెలుగునకు బదులుగా వచ్చినచో నష్టము. ఈ విషయమున నేటి తల్లులకు కొంత యండ కలదు. తెలంగాణ ప్రభుత్వము 2018లో చేసిన శాసనము ప్రకారము పదవ తరగతి వఱకు పాఠశాలలలో తెలుగు విధిగా బోధింపవలెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఉన్నత పాఠశాలలో నేర్పదగిన పరదేశ భాషలుగా కొరియను, జపాను, థాయి, ఫ్రెంచి, జర్మను, స్పానిషు, పోర్చుగీసు, రష్యను భాషలను పేర్కొన్నది; అయితే విద్యార్థి చదువు మూడు భాషలలో రెండైనను భారతదేశపు భాషలు కావలెనని గూడ చెప్పినది. పరభాష అలంకారమే కాని పునాది కాదని దీని యర్థము.

ఇంట లేని భాష యెందుకని యడుగు అత్తగారికి, వారి బాటమీదనే యొక సమాధాన మున్నది. అదే బాటను షాద్‌నగరు వైపునకు సాగిన ఆ ప్రాంతముననే బూర్గుల గ్రామము కలదు. ఆ గ్రామము పేరే యింటిపేరుగా గల బూర్గుల రామకృష్ణారావుగారు 1952లో హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రులైరి. వారు పారసీక భాషను శ్రద్ధతో నభ్యసించిరి. పారసీక వాఙ్మయ చరిత్రమును తెలుగున రచించిరి. ఇంట పారసీకమున మాటలాడువారు లేరని వారు మానియుండినచో, ఆ సంపద మనకు దక్కియుండెడిది కాదు. పరభాష నేర్చినవారు దానిని తెలుగింటికి తెచ్చిరి గాని, తెలుగును విడిచి పోలేదు.

పిల్లకు బరువగునేమో యని భయపడనక్కఱ లేదు. మారిషసు ద్వీపమున స్థిరపడిన మన తెలుగువారి సంతతి పిల్లలు వీథిలో క్రియోలు మాటలాడుచు, బడిలో ఆంగ్లమును ఫ్రెంచిని చదువుచు, వానితోపాటు తెలుగును గూడ పాఠముగా నేర్చుకొనుచున్నారు. లేతవయసున నాలుక యెట్లు త్రిప్పిన నట్లు తిరుగును.

ఇక నే భాషను ఎన్నుకొనవలెను? ప్రతి భాషకును మన తెలుగుతో నొక చుట్టఱిక మున్నది, ఒక తగవు నున్నది. జపాను భాషలో నేను నీళ్లు త్రాగుదు ననుటకు 'వాతాషి వా మిజు ఓ నోమిమాసు' అందురు. వాతాషి యనగా నేను, మిజు యనగా నీరు, 'ఓ' యనునది మన 'ను' వంటి విభక్తి, చివరిమాట త్రాగుదు నను క్రియ. వాక్యపు నడక తెలుగు నడకయే. క్రియ మనకు వలెనే చివరనే వచ్చును. ఆంగ్లమునకన్న నిది మన బిడ్డలకు సుగమముగా తోచును. కాని లిపి విషయమున శ్రమ మెండు. నలుబదియాఱేసి యక్షరములు గల రెండు వరుసలు కాక, నిత్య వ్యవహారమునకు నిర్ణయింపబడిన చీనా లిపి గుర్తులు 2136 కలవు.

ఫ్రెంచిలో నీవు, మీరు అను మర్యాదాభేదము మనకు వలెనే యున్నది. కాని వ్రాసిన యక్షరములన్నియు పలుకరు. నీటిని వారు మూడక్షరములతో వ్రాసి 'ఓ' యని మాత్రమే పలుకుదురు. వ్రాసినట్లు చదువుట కలవాటుపడిన తెలుగు బాలిక మొదట తికమకపడును.

జర్మను పలుకుబడి యించుమించు వ్రాతను అనుసరించును. అందలి చిక్కు లింగములది. ప్రతి నామవాచకమునకును మూడింటిలో నొక లింగము కంఠస్థము చేయవలెను. ఆ భాషలో బాలిక యను నర్థము గల 'మేడ్షెన్' అను మాట నపుంసక లింగము! ఇది విని నవ్వవలదు. 'ఆమె వచ్చినది, ఆవు వచ్చినది' యని మనమును స్త్రీకిని పశువునకును ఏకవచనమున నొకే క్రియను వాడుచున్నాము గదా. చిన్ననాటినుండి నోట నున్న యీ సంగతి, పరభాష చదివినప్పుడే బిడ్డకు స్ఫురించును. అట్లే 'మేము' అన్నను 'మనము' అన్నను ఫ్రెంచిలో నొకటే మాట, జర్మనులోను నొకటే మాట. ఎదుటివారిని కలుపుకొని చెప్పుటకు వేఱుమాట మనకున్నదని అప్పుడు తెలిసి, బిడ్డకు తన భాషపై గౌరవము హెచ్చును. ఇది మార్కుల పట్టికలో కనబడని లాభము.

మార్కుల మాట వచ్చినది గనుక స్పష్టముగా చెప్పెదము. పరీక్ష సులభ మనుటచే నొక భాషను ఎన్నుకొనుట, నగ మెఱయుచున్నదని బంగారము చూడక కొనుట వంటిది. ఇంటర్మీడియేటులో రెండవ భాషగా తెలుగును మాని ఫ్రెంచినిగాని సంస్కృతమునుగాని మార్కులకొఱకే తీసికొనువారు పలువురు. నాలుగు ప్రశ్నలకు సమాధానములు వల్లించి నూటికి తొంబది తెచ్చుకొన్న పిల్ల, రెండేండ్ల పిమ్మట దాహమైనదని చెప్పుటకు ఆ భాషలో నొక వాక్యము కూర్పలేదు. పోయిన కాలమును మార్కులు తెచ్చి యీయలేవు.

పనికి వచ్చునట్లు నేర్చుటకెంత కాలము పట్టునో లెక్క చూతము. ఐరోపావారు భాషాజ్ఞానమును ఆఱు మెట్లుగా విభజించిరి. మొదటిది ఎ1, నాలుగవది బి2. జర్మను భాషలో బి2 మెట్టు చేరుటకు నలుబదియైదు నిమిషముల పాఠములు సుమారు 600 మొదలు 800 వఱకు కావలెనని భాషా బోధకుల యంచనా. పాఠశాలలో వారమునకు మూడు పాఠముల చొప్పున ఏడాదికి 35 వారములు జరిగిన 105 పాఠములగును; మూడేండ్లకు 315. అనగా పదవ తరగతి ముగియునప్పటికి బాలిక సగము దారి నడిచినట్లు. ఆ పిమ్మట విడిచిన నంతయు వ్యర్థము, సాగించిన ఫలవంతము. జర్మనీలో నర్సుగా పనిచేయగోరు యువతికి సాధారణముగా నీ బి2 మెట్టునే యడుగుదురు. అచ్చటి ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో చాలమట్టునకు బోధన రుసుము లేదు గాని, తొలి పట్టపు చదువులు పెక్కు జర్మను భాషలోనే జరుగును. ఇరువది రెండేండ్ల వయసున ఉద్యోగమునకై తొందరపడి నేర్చుటకును, పదమూడవ యేట మెల్లగా మొదలిడుటకును ఎంత భేదమో తల్లులే యూహింపగలరు.

ఇక తల్లి సాయము సంగతి. ఆ భాష రాని తల్లి చేయగలిగినవి నాలుగు కలవు.

మొదటిది, చేర్చుటకు ముందు పాఠశాలకు పోయి మూడు మాటలడుగుట: ఈ భాషను చెప్పు ఉపాధ్యాయులు పిల్లలచేత మాటలాడింతురా? పదవ తరగతి వఱకు నిదే భాష సాగునా? నడుమ మానివేసిన నేమి గతి? వీనికి సరియైన యుత్తరము రానిచో ఆ పాఠము చేర్పింపకుండుటయే మేలు.

రెండవది, దీపము పెట్టిన పిమ్మట పావుగంట సేపు బిడ్డను బిగ్గఱగా చదివించుట. అర్థము తెలియకున్నను, తడబడుచున్నదో ధారాళముగా సాగుచున్నదో తల్లి చెవికి తెలియకపోదు.

మూడవది, బిడ్డవద్ద తానే శిష్యురాలగుట. వంటయింట దినమున కైదు మాటలు నేర్చుకొనవలెను. ఉప్పును ఫ్రెంచిలో 'సెల్' అందురు, జర్మనులో 'జాల్‌త్స్' అందురు. తల్లికి నేర్పిన మాటను పిల్ల మఱవదు. తనకు తెలిసినది తల్లి యడిగి తెలిసికొనుచున్న దన్న సంతోషము బిడ్డకు బడిలో నెవ్వరును ఈయలేరు.

నాలుగవది, వారమునకొకసారి యరపుట పాఠమును తెలుగులోనికి వ్రాయించుట. పరదేశపు మాటకు ఆంగ్లపు మాటనే యర్థముగా వ్రాసికొను నలవాటు పిల్లలకు పెక్కుమందికి గలదు. తెలుగు మాట వెదకి వ్రాసినచో రెండు భాషలును బలపడును. ఆ వ్రాతను మాత్రము తల్లియే దిద్దగలదు.

కడపట నొక మాట. కుమారుని చదువునకైన వ్యయము, కుమార్తె చదువునకు వచ్చుసరికి పలు గృహములలో ప్రశ్నయగుచున్నది. ఆడపిల్ల యెచ్చటికి పోవునో యని యనువారున్నారు. ఎచ్చటికి పోవునో తెలియదు గనుకనే ఆమెకు మాట కావలెను. పెండ్లియై పరదేశమునకు పోయి, వైద్యురాలికి తన బాధ తానే చెప్పుకొనలేక, అన్నిటికిని భర్త నోటికై యెదురుచూచు యువతుల సంగతి మన గృహములకు క్రొత్త కాదు. ఆ దేశపు మాట రెండేండ్ల ముందుగా వచ్చియుండిన నంత నిస్సహాయత యుండదు. ఊరు విడువని బాలికకైనను, లోకమును మఱియొక కిటికీనుండి చూచు భాగ్యము దక్కును.

కావున ఆ సోదరికి మా సలహా యిది. తెలుగు నిలిచియున్నదా, పాఠశాల నోట పలికించునా, పదవ తరగతి పిమ్మటను సాగింపగలరా యని విచారింపుడు. మూడింటికిని అవునని తోచిన నిస్సందేహముగా చేర్పింపుడు. ఏ భాష యనుదానిని మీరుగాక, మీ యమ్మాయినే యొక వారము రెండింటి మాటలను వినిపించి యడుగుడు. ఇష్టముతో పట్టిన భాషయే నాలుకపై నిలుచును.