విమానానికి గంట, మరి మనిషికి?

"విజయవాడకి ఫ్లైట్లో గంటే కదా, ఇంకా బస్సెందుకండీ?" సంక్రాంతి దగ్గరపడితే మా ఆఫీసు క్యాంటీన్లో రోజూ వినపడే మాట ఇది. టికెట్ సైట్లు కూడా అలాగే చూపిస్తాయి: దూరం సుమారు 265 కిలోమీటర్లు, సమయం గంట, గంటా పది. నా గొడవ ఆ గంటతోనే.

ఆ 265 ఏమిటంటే శంషాబాదు నుంచి గన్నవరానికి భూగోళం మీద గీసిన గీత. రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు ఇస్తే హావర్‌సైన్ ఫార్ములాతో మనలో ఎవరైనా పది లైన్ల కోడ్‌లో తేల్చేస్తారు. ఆ గంటేమో విమానం ఇక్కడ కదిలి అక్కడ ఆగేదాకా. మనిషి ఇంట్లోంచి ఎప్పుడు బయల్దేరాడో దానికి అక్కర్లేదు. ఒక్క సర్వర్ రెస్పాన్స్ టైం చూపించి అప్లికేషన్ మొత్తం ఇంతే ఫాస్టు అంటే మన క్లయింటు ఊరుకుంటాడా?

సరే, అఫ్జల్‌గంజ్ నుంచి లెక్కేద్దాం. విజయవాడ తూర్పున ఉంది, మనం ముందు నైరుతికి పోవాలి! బహదూర్‌పురా, ఆరాంఘర్ మీదుగా 20 పైచిలుకు కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో గంట వేసుకోండి (2025 జనవరిలో జూపార్కు ఫ్లైఓవర్ తెరిచాక కాస్త నయం). బ్యాగులు, సెక్యూరిటీ, ఎదురుచూపులకి గంటన్నర. విమానం గంట. దిగి సామాను తీసుకునేసరికి అరగంట. గన్నవరం నుంచి బెంజ్ సర్కిల్‌కి 40 నిమిషాలు. మొత్తం 4 గంటల 40 నిమిషాలు. అఫ్జల్‌గంజ్ నుంచి ఇమ్లీబన్ బస్టాండుకి నడిచెళ్ళొచ్చు, బస్సెక్కితే ఆరు గంటల్లోపు బెజవాడ. పండగ ముందు రోజు పంతంగి టోల్‌గేటు దగ్గర ఇరుక్కుంటే ఈ లెక్క తప్పుతుంది, కాదనను. మామూలు రోజున మాత్రం మిగిలేది గంటో, గంటంబావో.

ఇంకో తమాషా. గచ్చిబౌలి నుంచి ఎయిర్‌పోర్టు ఇంకా దూరం, అయినా వాళ్ళు ముందు చేరతారు. ఎందుకంటే 2008 మార్చిలో శంషాబాదు తెరిస్తే, అదే ఏడాది నవంబరుకల్లా గచ్చిబౌలి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు వచ్చేసింది. మరుసటి ఏడు మెహదీపట్నం వాళ్ళకి పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే. పాతబస్తీకో? జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా అని గీసిన మెట్రో 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దగ్గరే ఆగింది. ఎయిర్‌పోర్టు మెట్రోకి 2022 డిసెంబరులో శంకుస్థాపన చేశారు, ఎక్కడి నుంచో చెప్పండి? రాయదుర్గం నుంచి, 31 కిలోమీటర్లు. ఆల్రెడీ ఔటర్ ఉన్నవాళ్ళకి! ప్రభుత్వం మారాక ఆ లైను పక్కన పెట్టి, 2024 మార్చిలో పాతబస్తీ మెట్రోకి ఫలక్‌నుమాలో రాయి వేశారు.

దీన్ని "ఓటు బ్యాంకు మెట్రో" అని వెక్కిరించే ఫార్వర్డులు పంపేది మనవాళ్ళే. ఉస్మానియా ఆస్పత్రికి జిల్లాల నుంచి వచ్చేవాళ్ళు, బేగంబజార్లో సరుకు కట్టించుకుని వెళ్ళేవాళ్ళు, గల్ఫ్ విమానం కోసం అర్ధరాత్రి ఆటోలో బయల్దేరే పాతబస్తీ కుర్రాళ్ళు మన స్ప్రెడ్‌షీట్లో లేరు కాబట్టి ఆ లైను దండగట. ఆ కుర్రాళ్ళ ఆటో టైం, ఆటో చార్జీ కూడా ఒక కాలమ్‌లో వేసి, ఆ తర్వాత చెప్పండి ఏ లైను దండగో.