ఊకొట్టేవాళ్లేరీ?

విజయవాడలో స్పోకెన్ ఇంగ్లీష్ ఫ్లెక్సీ లేని సెంటరు లేదు. నెల రోజుల్లో స్టేజి ఫియర్ పోగొడతామని రాసి ఉంటుంది. "మావాడికి భయమండీ, ఇంగ్లీషొస్తే అదే పోతుంది" అని తల్లిదండ్రులు అప్పు చేసైనా ఫీజు కడుతున్నారు. ఇంగ్లీషు నేర్పించండి, ఉద్యోగానికి కావాలి. కానీ ఆ భయం భాష రాక పుట్టింది కాదు, పిల్లవాడి లోపం అంతకంటే కాదు. బళ్లో మనమే పెంచాం దాన్ని.

నల్లబల్ల మూల చూడండి. టీచరు లేనప్పుడు నోరు విప్పినవాళ్ల పేర్లు క్లాస్ లీడరు రాసి పెడతాడు. మళ్లీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ మార్కు. పదేళ్లు మాటను తప్పుగా లెక్కగట్టి, ఇంటర్ రెండేళ్లూ స్టడీ అవర్లలో కూర్చోబెట్టి, చివరికి ఇంటర్వ్యూలో "నీ గురించి చెప్పు" అంటే మాట ఎక్కణ్నుంచి వస్తుంది?

గాంధీ లండన్‌లో ఎలొక్యూషన్ పాఠాలకు డబ్బు పోశాడు. అయినా బొంబాయి కోర్టులో మొదటి కేసుకు లేచి, తల తిరిగి, ఒక్క ప్రశ్నా అడగలేక కూర్చుండిపోయాడు. 1893లో ప్రిటోరియాలో, అక్కడి భారతీయుల బాధలు వాళ్ల ముందే మాట్లాడాల్సి వచ్చినప్పుడు గొంతు పెగిలింది. అదే మనిషి 1921లో బెజవాడ కాంగ్రెస్ సభకు వచ్చి కోటి రూపాయల స్వరాజ్య నిధి అడిగాడు. చెప్పవలసిన సంగతీ, వినే మనుషులూ చేసిన పని అది.

మన డెల్టాకు ఈ కిటుకు ఎప్పుడో తెలుసు. బుర్రకథలో కథకుడు ఒంటరిగా నిలబడడు. అటూ ఇటూ వంతలుంటారు. ఒకరు ప్రశ్న వేస్తారు, ఒకరు నవ్విస్తారు, ఇద్దరూ తందాన అందుకుంటే కథకుడు ఊపిరి తీసుకుంటాడు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామను మాట్లాడించడానికి పక్కన మాధవి ఉంటుంది. పిల్లను మైకు ముందు ఒంటరిగా నిలబెట్టి, ఎవరో రాసిచ్చిన కాగితం అప్పజెప్పించడం మన పెద్దల పద్ధతి కాదు.

క్లాసులో ప్రతి పిల్లనూ, పక్కన తోడు పెట్టి, సొంత సంగతి మాట్లాడిద్దామంటే "నలభై మందికి టైమేదండీ, సిలబస్ అవ్వొద్దూ?" అంటారు తోటి ఉపాధ్యాయులు. రోజుకు ఇద్దరు, రెండేసి నిమిషాలు. 20 పనిదినాల్లో 40 మందీ మాట్లాడతారు. సిలబస్‌కు పోయేది రోజుకు నాలుగు నిమిషాలు.

2024 బాలల దినోత్సవానికి మా తొమ్మిదో తరగతి పిల్ల ఇంగ్లీషు ఉపన్యాసం మూడో వాక్యం దగ్గర మర్చిపోయింది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది. సభలో నవ్వులు. ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర అదే పిల్ల, సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లో తమ ఇంట్లోకి నీళ్లొచ్చిన సంగతి చెబుతోంది. మంచం మీద మంచం వేశారట. పైన నానమ్మను కూర్చోబెట్టి, బియ్యం డబ్బా ఆమె ఒళ్లో పెట్టారట. చుట్టూ పిల్లలు ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయి వింటున్నారు.

మర్నాడు నా తెలుగు పీరియడ్‌లో ఆ సంగతే చెప్పమన్నాను. ఆమె స్నేహితురాలిని కూడా పక్కన నిలబెట్టాను. మొదట గొంతు వణికింది, మాట ఆగింది. స్నేహితురాలు మోచేత్తో పొడిచి "నానమ్మ ఏమందే?" అంది. వెనక బెంచీ నుంచి ఎవరో "ఊ" కొట్టారు. బెల్లు మోగినా ఎవరూ లేవలేదు.