విజేతల పట్టికలు - మన పల్లెలు

ఐరోపా ఖండమందలి వివిధ దేశముల ఫుట్‌బాలు సంఘములు తమలో తాము పోటీపడుటకై 1955లో ఒక కప్పు పోటీ ఆరంభమయ్యెను. 1956 మొదలు 1960 వరకు మొదటి ఐదు పర్యాయములును దానిని గెలిచినది స్పెయిను దేశపు రియల్ మాడ్రిడ్ సంఘము. 2024 నాటికి ఆ సంఘము గెలిచిన కప్పులు 15. నల్లగొండలోను మహబూబ్‌నగరులోను ఈ లెక్క తడుముకొనకుండ చెప్పగల బాలురు నేడు పెక్కుమంది కలరు. సంతోషమే. కాని అంతకు పూర్వమే, 1950 మొదలు 1954 వరకు, బొంబాయిలోని రోవర్సు కప్పును వరుసగా ఐదేండ్లు గెలిచిన సంఘము మన హైదరాబాదు నగర పోలీసు సంఘమని చెప్పగలవారెందరు? పరుల పట్టిక కంఠస్థము. మన పట్టిక విస్మృతము.

రోవర్సు పోటీ 1891లో ప్రారంభమైనది. ఆంగ్ల సైనిక పటాలములే దానిని చాలకాలము ఏలినవి. 1937లో బెంగుళూరు ముస్లిం సంఘము గెలుచువరకు ఏ భారతీయ సంఘమునకును అది దక్కలేదు. అట్టి కప్పు హైదరాబాదునకు ఐదేండ్లు అతిథి కాక ఇంటి బిడ్డయై నిలిచినది. 1888లో సిమ్లాలో పుట్టిన డ్యూరాండు కప్పును సైతము మన పోలీసు సంఘము 1950, 1954, 1957 సంవత్సరములలోను, ఆంధ్ర పోలీసు అను పేరుతో 1961లోను గెలుచుకొన్నది. ఈ సంఘమును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీముగారు ఉపాధ్యాయులు. వారి శిక్షణముననే భారత జట్టు 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాల్గవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును పొందినది. వారు 1963లో దివంగతులైరి.

ఈ విజయములకు మూలము ధనరాసులు కావు. ఆటగానికి పోలీసు కొలువున నెల జీతము, ఆడుకొనుటకు మైదానము, నేర్పుటకు గురువు, ఏటేట తప్పని పోటీ - ఈ నాలుగే.

కప్పులు గెలుచుటకు లోకమున రెండు మార్గములు కానవచ్చుచున్నవి. రియల్ మాడ్రిడ్ అర్జెంటీనాలో పుట్టిన డి స్టెఫానోను, హంగరీలో పుట్టిన పుష్కాషును రప్పించుకొన్నది. 1960లో స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జరిగిన తుది పోటీలో ఫ్రాంక్‌ఫర్టు సంఘమును 7-3 గోలులతో ఓడించినది. ఏడేండ్లు గడచినవి. 1967లో అదే గ్లాస్గో నగరపు సెల్టిక్ సంఘము, లిస్బను నగరమున ఇంటర్ మిలాన్‌ను 2-1తో ఓడించి అదే కప్పును గెలిచెను. ఆనాడు దిగిన పదునొకండుగురును తమ మైదానమునకు సుమారు 30 మైళ్ళలోపల పుట్టినవారే! మొదటిది ధనమార్గము, రెండవది ఇరుగుపొరుగు మార్గము. మొదటిదానిని మేము నిందింపము. కాని మనకు సాధ్యమైనది రెండవదే.

ధనమార్గపు ఫలము మనమును చవిచూచితిమి. 2019లో స్థాపితమైన హైదరాబాదు ఎఫ్.సి. 2022లో గోవాలో జరిగిన తుది పోటీలో కేరళ సంఘమును పెనాల్టీలతో ఓడించి ఇండియన్ సూపర్ లీగు గెలిచెను. నాలుగేండ్లు తిరుగకమునుపే 2025లో ఆ సంఘము పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయెను. నేలలో వేరు పాతని చెట్టును ఎవరైనను పెకలించుకొని పోవచ్చును గదా!

హైదరాబాదునుండి నల్లగొండకు గాని మహబూబ్‌నగరునకు గాని దూరము సుమారు 100 కిలోమీటర్లు. రాజధాని వరుసగా కప్పులు గెలిచిన దినములలో సైతము ఈ మెట్టసీమల బిడ్డలకు ఆ మైదానములు అందని దూరముగనే ఉండెను. దీనికి కొందరు పెద్దలు, "నీరు లేక, ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగి, కూలికై వలసపోయిన సీమలకు ఆట యేల?" అందురు. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయజాలము. అయితే సెల్టిక్ సంఘము 1887లో ఏల పుట్టినదో వారు వినవలెను. గ్లాస్గో తూర్పు పేటలోని నిరుపేదల ఆకలి తీర్చుటకు విరాళములు కూర్చుటకై పుట్టినది. అచట ఆట అన్నమునకు శత్రువు కాలేదు, తోడయ్యెను. దేశమంతట ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిన పాలమూరు కూలీల సంతతికి దేహబలము కొరతయని ఎవరు చెప్పగలరు? కొరతయైనది బలము కాదు, అవకాశము.

2022లో రాష్ట్ర ప్రభుత్వము ఊరూర క్రీడాప్రాంగణములు నెలకొల్పుటకు పూనుకొన్నది. పూనిక మంచిదే. కాని బోర్డు నాటినంత మాత్రమున ఆట పుట్టదు; నేర్పు గురువు, ఏటేట జరుగు పోటీ ఉన్నగాని ఆ నేలలో గడ్డియే పెరుగును. ఇక్కడ మేము భూవసతి గల పెద్దలను అడుగుచున్నాము. రాతి హద్దులు పాతి ప్లాట్లుగా విక్రయించు నేలలో ఊరి పిల్లలకై రెండెకరములు విడిచినచో మీ ఆస్తి తరిగిపోవునా? పట్టణములలోని వర్తకులు, వకీళ్ళు కూడి మండలమునకొక వార్షిక పోటీ నడుపలేరా? దేవరకొండ, మిర్యాలగూడ, వనపర్తి, గద్వాల, నారాయణపేట సంఘములు ఒకదానితో నొకటి తలపడు దినము రావలదా? ఆ పోటీలలో బాలికలకును సమానస్థాన ముండవలెను.

విజేతల పట్టికలో సంఘము పేరును, సంవత్సరమును మాత్రమే వ్రాయుదురు. ఆ పేరు వెనుక నేలను విడిచిన దాత యొకడు, సాయంకాలము ఈల యూదిన గురు వొకడు ఉందురు. పరుల పట్టికలు మన పిల్లలు చదివిరి. వారి ఊరి పేరుతో ఒక పట్టిక మొదలిడు పని పెద్దలది.