హాట్ సీటు మీద అయివారు – వాడలో ఖాళీ బడి

బడి అయివారు టీవీలో కూర్చొని కోటి రూపాయలు గెలిస్తే బడి గెలిచినట్టు కాదు. ఈ మాట అంటే స్టాఫ్ రూముల్లో కొందరికి కోపం వస్తా ఉంది. రానీ. కోపం వచ్చినా సరే, చెప్పాల్సిన మాట చెప్పాల్సిందే.

ఈ కుర్చీ ఆట కథ కొత్తది కాదు. 2000 జులైలో అమితాబ్ బచ్చన్ హిందీలో 'కౌన్ బనేగా కరోడ్‌పతి' మొదలుపెట్టినాడు. 2014లో అదే ఆట తెలుగులోకి 'మీలో ఎవరు కోటీశ్వరుడు' అని వచ్చింది. ముందు నాగార్జున, 2017లో చిరంజీవి నడిపించినారు. 2021లో పేరు కొంచెం మార్చుకొని జూనియర్ ఎన్టీఆర్‌తో వచ్చింది. ఆ ఏడు నవంబరులో కొత్తగూడెం ఎస్సై ఒకాయన కోటి గెలిచినాడు. ఆయన్ని చూసి మన అయివార్లు ఎంతమంది పగలు బడి, రాత్రి జీకే పుస్తకం పట్టుకున్నారో లెక్క లేదు.

దీని మీద మన అగ్రకుల మిత్రులు ఒక సిద్ధాంతం తయారుచేసినారు. "చూడు సార్, ఆ కుర్చీ కాడ కులం అడిగినారా? సర్టిఫికెట్ అడిగినారా? తెలివి ఉంటే చాలు, కోటి ఇస్తారు. ఇంకా మీకు రిజర్వేషన్లు ఎందుకు?" అని అడుగుతారు. అంటే టీవీ పెట్టె రాజ్యాంగం కంటే గొప్పదన్నమాట!

కుర్చీ కాడ కులం అడగరు, నిజమే. అడగాల్సిన పని లేదు. ప్రశ్నలోనే కులం ఉంది. 'జనరల్ నాలెడ్జ్' అంటారు. ఎవరు ఈ జనరల్? సీట్ల లెక్కలో జనరల్ అంటే ఎవరో, నాలెడ్జ్ లెక్కలో కూడా జనరల్ అంటే వాళ్లే. వాళ్ల పురాణం, వాళ్ల రాజుల వంశం, వాళ్ల సంగీతం, వాళ్ల సినిమా కుటుంబం ఇవన్నీ జనరల్. తోలు పదునుకు తంగేడు చెక్క ఎంత వెయ్యాల, పలకను మంట మీద ఎంతసేపు కాచాల, చెనిక్కాయ చేను ఎప్పుడు పెరకాల అనేది మాత్రం నాలెడ్జ్ కాదు. అది 'కులవృత్తి', అది 'కూలి పని'. దేశానికి చెప్పు తొడిగించిన తెలివికి నాలుగు ఆప్షన్లలో ఒక ఆప్షన్ కూడా లేదు.

మన పక్కనే ఉండే మదనపల్లె సంగతి చూడండి. 1919లో రవీంద్రనాథ్ టాగూరు అక్కడి దివ్యజ్ఞాన కాలేజీలో ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చినాడు. మార్గరెట్ కజిన్స్ స్వరం కట్టింది. పోటీ పరీక్షలకు చదివే పిల్లోళ్లకు ఇది తెలిసిన బిట్టే. మంచిదే, తెలుసుకోవాల. కానీ ఆ 1919లో మన మాల, మాదిగ పిల్లోళ్లు ఎంతమంది ఊరి బడి గడప దాటినారు? దాటనిచ్చినారా? ఈ ప్రశ్న ఏ బిట్ బ్యాంకులోనూ ఉండదు. టాగూరు కాడ ఆగిపోయే ప్రశ్న జనరల్. టాగూరును దాటి మన వాడ దాకా వచ్చే ప్రశ్న 'రాజకీయం'.

ఒకసారి పొరపాటున మన ప్రశ్న ఆ కుర్చీ కాడికి వచ్చింది. ఏమైందో గుర్తుచేసుకోండి. 2020 అక్టోబరు 30న కౌన్ బనేగా కరోడ్‌పతిలో ఆ రోజు కుర్చీలో కూర్చున్నది బెజవాడ విల్సన్. కోలారు బంగారు గనుల ఊర్లో పాకీ పని చేసే దళిత కుటుంబంలో పుట్టినోడు. మన కుప్పం దాటితే ఆ ఊరు ఎంత దూరం? మన జిల్లా జనం తరతరాలుగా పొట్ట చేత పట్టుకొని గనుల్లోకి దిగిన ఊరే అది. మనిషి మలాన్ని మనిషితో ఎత్తించే నీచాన్ని ఆపాలని సఫాయి కర్మచారి ఆందోళన్ కట్టి కొట్లాడినోడు విల్సన్. ఆ పోరాటం వల్లే 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు కాలువల్లో చచ్చిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ 10 లక్షలు ఇమ్మని తీర్పు చెప్పింది. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది.

ఆయన ముందు పెట్టిన ప్రశ్న ఇది. 1927 డిసెంబరు 25న అంబేద్కర్, ఆయన అనుచరులు ఏ గ్రంథం ప్రతులను తగలబెట్టినారు? విష్ణు పురాణం, భగవద్గీత, రుగ్వేదం, మనుస్మృతి అని నాలుగు ఆప్షన్లు. ప్రశ్న విలువ 6 లక్షల 40 వేలు. జవాబు మన వాడలో చిన్న పిల్లోనికి కూడా తెలుసు. చరిత్రలో జరిగిందే అడిగినారు. అంతే, మనోభావాలు దెబ్బతిన్నాయి అని గోల మొదలైంది. మహారాష్ట్రలో ఒక ఎమ్మెల్యే లాతూరు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చినాడు. బచ్చన్ మీద కేసు పెట్టాలన్నాడు.

అన్నల్లారా, అక్కల్లారా, ఆలోచన చెయ్యండి. ఇన్నేళ్లలో వేల ప్రశ్నలు అడిగినారు. రాముని తమ్ముడు ఎవరు, కృష్ణుని మామ ఎవరు అంటే ఎవరి మనోభావమూ నొచ్చుకోలేదు. మనుస్మృతిని కాల్చింది ఎవరు అనంగానే పోలీస్ స్టేషన్‌కు పోయినారు. 'కులం లేని కుర్చీ' కులం అంతా ఆ ఒక్క ప్రశ్నతో బయటపడింది. ఇంక నాకు ఏ మిత్రుడూ మెరిట్ పాఠం చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు గెలిచినోళ్ల గురించి. వాళ్లను నేను తక్కువ చెయ్యను. 2020లో బస్తర్ పక్క జగదల్‌పూర్ టీచరమ్మ అనూపా దాస్ కోటి గెలిచింది. తల్లి క్యాన్సర్ వైద్యానికి ఆ డబ్బు అని చెప్పుకుంది. 2021లో ఆగ్రా టీచరమ్మ, చూపు లేని హిమానీ బుందేలా కోటి గెలిచింది. తనలాంటి పిల్లోళ్లకు చదువు చెప్పే కేంద్రం పెడతానంది. 2019లో అమరావతి జిల్లా, మన అమరావతి కాదు, మహారాష్ట్రది, బడిలో మధ్యాహ్న భోజనం వండే బబితా తాడే కోటి గెలిచింది. నెలకు ఆమెకు ఇచ్చేది 1,500 రూపాయలు. ముగ్గురికీ చేతులెత్తి మొక్కతా. ముగ్గురూ మన ఆడబిడ్డలే.

కానీ టీచరమ్మ తల్లికి క్యాన్సర్ వస్తే వైద్యానికి క్విజ్ కుర్చీ ఎక్కాల్సిన పరిస్థితి ఎందుకు వచ్చింది? చూపు లేని పిల్లోళ్లకు చదువు చెప్పించే బాధ్యత ప్రభుత్వానిదా, గెలిచిన టీచరమ్మదా? వందల మందికి వండే మనిషికి 1,500 ఇవ్వడం నేరమా కాదా? మన రాష్ట్రంలో కూడా వంట చేసే అక్కలకు 2019 దాకా ఇచ్చింది వెయ్యి రూపాయలే. ఆ ఏడు మూడు వేలు చేసినారు. రోజుకు వంద. టీవీవాడు ఈ ప్రశ్నలు అడగడు. కష్టం చెప్పించుకుంటాడు, కెమెరాను కండ్ల దగ్గరకు తెస్తాడు, మధ్యలో సబ్బుల ప్రకటన వేస్తాడు. హక్కుగా రావాల్సింది బహుమతి అయిపోతుంది. ఒక్కరికి కోటి చూపించి, లక్షమంది నోళ్లు మూయిస్తారు.

ఇంకో సంగతి. ఈ రోగం టీవీతో ఆగలేదు. అయివారి ఉద్యోగమే ఇప్పుడు క్విజ్ అయిపోయింది. టెట్ అంటే 150 నిమిషాల్లో 150 బిట్లు. డీఎస్సీ కూడా బిట్లే. 2025లో 16,347 పోస్టులకు డీఎస్సీ వచ్చింది. మన పిల్లోళ్లు తిరుపతిలో అద్దె రూముల్లో సంగటి తిని బిట్లు బట్టీ కొట్టినారు. అదే 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది: రిటైర్మెంటుకు ఐదేళ్ల కంటే ఎక్కువ సర్వీసు ఉండే టీచర్లు కూడా రెండేళ్లలో టెట్ పాస్ కావాల, లేకపోతే ఉద్యోగం వదులుకోవాల. ఇరవై ఏండ్లు పాఠం చెప్పినోళ్లు కూడా మళ్లీ నాలుగు ఆప్షన్ల ముందు కూర్చోవాల్సిందే.

టమోటా కోతకు పోయిన పిల్లను ఇంటికి పోయి, తల్లిని బతిమాలి, మళ్లీ బడికి తెచ్చే తెలివికి ఎన్ని మార్కులు? ఇటుకల బట్టీ కాడి నుంచి వచ్చిన పిల్లోనికి పలక పట్టించే ఓపిక ఏ ఆప్షన్? ఎ, బి, సి, డి? అయివారి అసలు పని ఏ బిట్టులోనూ పట్టదు. పట్టనిదాన్ని లెక్కలో నుంచే తీసేస్తా ఉన్నారు.

ఇట్ల మనం బిట్లలో మునిగి ఉంటే, పక్కన బడి పోయింది. 2022లో 117 జీవో తెచ్చి, 3, 4, 5 తరగతుల పిల్లోళ్లను కిలోమీటరు లోపల ఉండే హైస్కూళ్లకు తోలినారు. కాగితం మీద కిలోమీటరే. ఆది ఆంధ్రవాడ నుంచి ఊరి నడిమధ్యలో నడిచిపోయే ఎనిమిదేండ్ల ఆడపిల్లకు ఆ కిలోమీటరు ఎంత పొడుగో జీవో రాసినోనికి తెలుసునా? 2025లో ఆ జీవో రద్దు చేసినారు. కానీ ఈలోపల ప్రైవేటు బడి బస్సు వాడలోకి వచ్చేసింది. అప్పు చేసి ఫీజు కట్టే తల్లిని ఆ బస్సు దించి పోదు. జీవో వెనక్కి వచ్చింది, పిల్లోళ్లు అందరూ రాలేదు.

1882లో జ్యోతిబా ఫూలే హంటర్ కమిషన్ ముందు నిలబడి అడిగింది ఏంది? శూద్రుల పన్నులతో పైకులాల చదువు నడుస్తా ఉందన్నాడు. పల్లె బళ్లకు అయివార్లు కష్టజీవుల కులాల నుంచి రావాలన్నాడు. ఆ అడుగుడు వల్లనే మా ఇంట్లో మొదటి డిగ్రీ వచ్చింది, నా చేతికి సుద్దముక్క వచ్చింది. ఫూలే మనకు నేర్పింది ప్రశ్న అడగడం. టీవీ మనకు నేర్పేది ఎవరో అడిగిన ప్రశ్నకు చేతులు కట్టుకొని జవాబు చెప్పడం. ఈ రెంటికీ తేడా తెలియకపోతే మన చదువు వృథా.

క్విజ్‌లకు పోవద్దని నేను చెప్పడం లేదు. పోండి, గెలవండి, ఆ డబ్బు మీ చెమట. కానీ అంబేద్కర్ జయంతికి మన వాడలో బడి పిల్లోళ్లకు పెట్టే క్విజ్‌లో, ఆయన పుట్టిన తేదీ అడిగి పెన్ను బహుమతి ఇచ్చి ఇంటికి పోవద్దు. ఈసారి ప్రశ్నలు ఇట్ల పెడదాం:

1. 1985 జులై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో ఏం జరిగింది? ఎందుకు జరిగింది?

2. మన వాడ బడికి మంజూరైన పోస్టులు ఎన్ని? పని చేసేది ఎంతమంది?

3. బడిలో వంట చేసే అక్కకు ఈ నెల జీతం వచ్చిందా? ఆమె వండితే తినని ఇండ్లు ఊర్లో ఉన్నాయా?

4. మన శ్మశానం భూమి ఎవరి పట్టాలో ఉంది?

వీటికి ఆప్షన్లు ఇవ్వొద్దు. పిల్లోళ్లనే పోయి కనుక్కోనీయండి. పంచాయతీ ఆఫీసుకు, మండలాఫీసుకు పోయి అడగనీయండి. జవాబు దొరకకపోతే వాడ అంతా వాళ్ల వెనక పోదాం. మనకుండే లైఫ్‌లైన్ అదొక్కటే.

జై భీం!