మంగ్లీ గెలిచింది, ఎవరి మీద?

కర్ణాటకలోని మన పావగడ కుర్రాళ్ళు ఆ పాత తగవు మళ్ళీ తవ్వారు. ‘రాబర్ట్’ సినిమాలో కన్నడ ‘కణ్ణు హొడియాక’ పెద్ద హిట్టా, అదే బాణీలో మంగ్లీ పాడిన తెలుగు ‘కన్నే అదిరింది’ పెద్ద హిట్టా? ఈ వారమంతా పెండ్లి పందిళ్ళలో, టీ అంగళ్ళలో ఇదే రభస. ఫోన్లు తీసి యూట్యూబ్ అంకెలు చూపించుకుంటారు, ఆపైన ఒకరినొకరు భాషాద్రోహులని తిట్టుకుంటారు. సినిమా వచ్చింది 2021 మార్చి 11న. ఇన్నేళ్ళకూ పాట చల్లారలేదంటే సంతోషమే. ఈ తిట్లే నాకు ఒళ్ళు మండిస్తున్నాయి.

నా తీర్పు ముందే చెప్తాను. మంగ్లీదే గెలుపు. యూట్యూబ్ అంకెలు నాకు అక్కర్లేదు. ఇంట్లో చంటిది ఒకే పాట పదిసార్లు పెట్టించుకున్నా ఆ లెక్క పెరుగుతుంది. జాతరకు ఆర్కెస్ట్రా వస్తే జనం ఏ పాట అడుగుతారు, ఊరేగింపులో ఏది మోగితే ముసలాళ్ళు కూడా అరుగు దిగి వస్తారు, నాకు అదీ లెక్క. కన్నడంలో పాడిన శ్రేయా ఘోషల్ గొప్ప గాయని. యోగరాజ్ భట్ ఉత్తర కర్ణాటక యాసలో రాసిన మాటలను ఎక్కడా తొణక్కుండా పాడింది. ఆ నునుపే ఈ పాటకు అడ్డం పడింది. మంగ్లీ మాత్రం గొంతు పూర్తిగా తెరిచి, చేనుకు ఆ పక్క గట్టు మీదున్న మనిషికి వినబడేటట్టు పాడింది. ఈ బాణీకి కావలసింది ఆ గొంతే.

అయితే తెలుగు గెలిచింది, కన్నడం ఓడింది అని ఎగిరేవాళ్ళతో నాకు పేచీ ఉంది. బాణీ కట్టిన అర్జున్ జన్య కన్నడిగుడు. కన్నడ పాట పాడిన శ్రేయ బెంగాలీ. తెలుగు పాట పాడిన మంగ్లీ మన పక్క అనంతపురం జిల్లా, గుత్తి మండలం బసినేపల్లి తండా ఆడపిల్ల. ఆమె ఇంటి భాష లంబాడీ. ఇందులో ఏ భాష దేన్ని ఓడించినట్టు? పైగా ఆ తెలుగు పాట మోగిన తర్వాత అదే అర్జున్ జన్య 2022లో వచ్చిన ‘ఏక్ లవ్ యా’లో ఆమె చేత కన్నడంలో పాడించాడు. ‘పుష్ప’లో చెల్లెలు ఇంద్రావతి చౌహాన్ తెలుగులో పాడిన ‘ఊ అంటావా’ను కన్నడంలో పాడింది అక్క మంగ్లీయే.

ఇక అసలు మాట. తెలుగు మీద ఇంత పౌరుషమున్న ఈ కుర్రాళ్ళలో ఎందరు ‘కన్నే అదిరింది’ అని తెలుగు అక్షరాల్లో రాయగలరు? ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ట్యూషన్లో ఇంగ్లీషు. తెలుగు సినిమా పోస్టరు మీద హీరో ముఖం చూసి సినిమా ఏదో పోల్చుకుంటారే గానీ పేరు చదవలేరు. తప్పు వాళ్ళది కాదు. 1956లో భాషల లెక్కన రాష్ట్రాలు గీసినప్పుడు, మూడు వైపులా ఆంధ్ర ఉన్న మన పావగడ తాలూకా గీతకు ఈవల ఉండిపోయింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక బడిలో తల్లిభాషలో చదువు చెప్పే ఏర్పాటు చూడాలని అదే ఏడాది ఏడో సవరణతో రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేర్చారు. మన ఊళ్ళలో ఎన్ని బడులకు ఆ సంగతి చేరింది?

కన్నడం మనకు అన్నం పెట్టే భాష. బాగా నేర్వాలి, అందులో రెండో మాట లేదు. ఆ కన్నడ బడిలోనే వారానికి రెండు పీరియడ్లు తెలుగుకిస్తే ఎవరికి నష్టం? రెండూ ఒకే పాత లిపి నుంచి వచ్చిన అక్షరాలు, కన్నడం వచ్చిన పిల్లకు తెలుగు పట్టుబడటానికి ఎంతో కాలం పట్టదు. అబ్బాయిలూ, వ్యూస్ లెక్కపెట్టడం ఆపి బీఈఓ (బ్లాక్ విద్యాధికారి) ఆఫీసుకు ఒక అర్జీ పట్టుకుపోండి. కన్నడంలోనే రాయండి. ముందు ఒక్క బడిలోనైనా తెలుగు మొదలుపెట్టమని అడగండి. సంతకానికి నేనూ వస్తాను.