పన్నెండు క్రెడిట్ల కంచె

పిహెచ్‌డి అంటే ఏందో మా పిట్లం మాదిగవాడల ఎవలకూ తెల్వదు. సీటొచ్చిందంటే చదువైపోయినట్టే అనుకున్నరు మావోళ్లు. సీటొచ్చినంకనే అసలు దర్వాజ వస్తదని, దానికి లోపలి నుంచి గొళ్లెం ఉంటదని, ఆ గొళ్లెం పేరు కోర్సువర్కు అని చెప్పినోడు లేడు. నేను చెప్తున్న, వినుండ్రి.

2009లో యూజీసీ రూలు తెచ్చింది. పిహెచ్‌డిలో చేరినోళ్లు కనీసం ఒక సెమిస్టర్ కోర్సువర్కు చెయ్యాలె. 2016లో దాన్ని 8 నుంచి 16 క్రెడిట్లన్నది. 2022 నవంబర్‌లో 12 క్రెడిట్లకు తగ్గొద్దన్నది. అండ్ల 55 శాతం రావాలె. రాకుంటే ముందుకు పోనియ్యరు, థీసిస్ ఇయ్యనియ్యరు. చేరేటప్పుడు ఎస్సీ, ఎస్టీలకు పీజీ మార్కుల్ల ఐదు శాతం సడలింపు ఉంది. గేటు దాటినంక అందరికీ అదే 55. నేను ఆ ఐదు శాతం అడుగుతలేను. ఆ 55 ఎవలేస్తరు, ఏ లెక్కన ఏస్తరు, తక్కువేస్తే ఎందుకేసిండ్రో ఎవలకు జవాబు చెప్తరు అని మాత్రమే అడుగుతున్న.

నేను తీసుకున్నది కాగ్నిటివ్ సైన్స్. మనిషి ఎట్ల చూస్తడు, ఎట్ల యాది పెట్టుకుంటడు, మాట ఎట్ల పుడతది అని మెదడును వెతికే శాస్త్రం. సైకాలజీ, భాషాశాస్త్రం, కంప్యూటర్, న్యూరోసైన్స్, ఫిలాసఫీ అన్నీ కలిసే కూడలి. అలహాబాద్ యూనివర్సిటీ 2002లో దీనికొక సెంటర్ పెట్టింది. హైదరాబాద్ యూనివర్సిటీలో, కొన్ని ఐఐటీల్లో కూడా ఈ చదువుంది. నాకు స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్, ప్రయోగం చేసే పద్ధతి, మెదడు నిర్మాణం అన్నీ ఒకేసారి మీద పడ్డయి. ఇంగ్లీషు బడిల చదివి, ఇంజినీరింగ్ చేసి వచ్చినోనికి అండ్ల సగం పాత పాఠమే. తెలుగు మీడియంల చదివి, ఎం.ఏ. చేసి వచ్చినోనికి అక్షరం నుంచి కొత్త. ఇద్దర్నీ ఒకే గీత కాడ నిలబెట్టి పరుగు పెట్టమంటరు. ఒకడు బండి మీదున్నడు, ఒకడు ఒట్టికాళ్ల మీదున్నడు. గీత సమానం కాబట్టి పందెం సమానమేనట.

నేను చదివిన చోటు పేరు చెప్పను. పేరు మార్చినా కత మారదు. మొదటి రోజే తరగతిల అందరి ముందట ఇంటిపేరేంది, నాయిన ఏం చేస్తడు, ఏ కేటగిరీల వచ్చినవు అని అడిగిండ్రు. రాత పరీక్షల పాసైన. సెమినార్ మార్కుల కాడ కోత పడ్డది. “క్లారిటీ లేదు” అని ఒక ముక్క రాసిండ్రు. ఏ మాటల క్లారిటీ లేదని అడిగితే, “నీకే తెలియాలి” అన్నరు. మా అవ్వ బీడీలు చుట్టేది. కట్టలు తీస్కపోతే కార్ఖానల కూసున్నాయన కొన్ని ఏరి పక్కకేస్తుండె. ఎందుకేసినవని అడిగితే రేపటి ఆకు దొరకదు. నా మార్కులు కూడా అట్లనే ఏరేసిండ్రు. అవ్వకు పోయింది ఒక పూట కూలి. నాకు పోబోయింది మా ఇంట్ల మొదటిసారి ఇంత దూరం వచ్చిన చదువు.

ఈ శాస్త్రమే చెప్పిన రెండు సంగతులున్నయి. నా కోర్సువర్కుల ఏ పేపర్ల కూడా వాటిని చెప్పలేదు. ఉత్తరప్రదేశ్ ఊర్లల్ల కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే పరిశోధకులు బడిపిల్లలకు కాగితం మీద చిక్కుదారుల ఆట ఇచ్చిండ్రు. 321 మంది పైకులాల పిల్లలు, 321 మంది కిందికులాలని పేరు పెట్టిన కులాల పిల్లలు. కులం ఎత్తనప్పుడు ఇద్దరూ దాదాపు సమానంగ విప్పిండ్రు. పేరుతో పాటు కులాన్ని అందరి ముందట చదివినప్పుడు కిందికులాల పిల్లల లెక్క పడిపోయింది. 2004లో ప్రపంచ బ్యాంకు ఈ పరిశోధనను అచ్చేసింది. ఆట అదే, పిల్లలు అసొంటోళ్లే. మారింది గదిల చదివిన ఆ ఒక్క మాట. మరి నన్ను మొదటి రోజు కేటగిరీ అడిగినాయన ఏం ప్రయోగం చేసినట్టు?

రెండోది 2017లో వచ్చింది. లక్నో చుట్టుపక్కల ఊర్లల్ల చదువురాని పెద్దోళ్లకు ఆరు నెలలు చదవడం నేర్పి, ముందొకసారి, తర్వాతొకసారి మెదడు స్కానింగ్ తీసిండ్రు. మెదడు పైపొరలే కాదు, లోపలి థలామస్ దాకా పనితీరు మారింది. వయసొచ్చినంక ఆరు నెలల చదువుతోనే మెదడు మారుతుంటే, పుట్టుకతోనే మెరిట్ అనే మీ శాస్త్రం ఏ స్కానింగ్‌ల కనపడ్డదయ్యా?

ఇది నా ఒక్క కడుపుమంట కాదు. 2008 ఫిబ్రవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సెంథిల్ కుమార్ ప్రాణం తీసుకున్నడు. తమిళనాడు సేలం జిల్లా, పందులు సాదే పన్నియాండి కులం. ఫిజిక్స్‌ల పిహెచ్‌డి. కోర్సువర్కుల ఒక పేపర్ పోయింది, గైడ్ దొరకలేదు. ప్రొఫెసర్ వినోద్ పావరాల కమిటీ విచారించి, అక్కడ రూళ్లల్ల పొంతన లేదని, ఆ అయోమయంల చిక్కినోళ్లు ఎక్కువగా ఎస్సీ, ఎస్టీ విద్యార్థులే అని రాసింది. 2013 నవంబర్‌లో అదే యూనివర్సిటీలో మాదారి వెంకటేశ్ పోయిండు. గైడ్ కోసం ఏండ్లు తిప్పిండ్రని తోటి విద్యార్థులు మొత్తుకున్నరు. 2016 జనవరి 17న రోహిత్ వేముల పోయిండు. ఏడు నెలల ఫెలోషిప్ బాకీ ఉందని ఆఖరి ఉత్తరంల రాసిపోయిండు. కోర్సువర్కు, గైడ్, ఫెలోషిప్. ఆఫీసు ఫైల్ల ఇవి మూడు కాలమ్‌లు. మా వాడల్ల ఇవి మూడు ఫోటోలు.

“రూలు అందరికీ ఒకటే” అని మీరంటరు. అంబేద్కర్ కొలంబియాల కోర్సులు చదివిండు, లండన్‌ల చదివిండు, 1927లో కొలంబియా డాక్టరేట్ అందుకున్నడు. చదువు కష్టమని మేం ఎన్నడూ పారిపోలేదు. కష్టం వేరు, కంచె వేరు. కష్టమైతే దాటే దారి కనపడతది. కంచెకు దారి ఎక్కడుందో కట్టినోనికే తెలుసు.

అందుకే అడుగుతున్నం. కోర్సువర్కు రూళ్లు మొదటి రోజే అచ్చేసి చేతికియ్యాలె, నడుమల మార్చొద్దు. చేరిన నెలలనే గైడ్‌ను ఇయ్యాలె. రాత పేపర్లు పేరు చూసి కాదు, నంబర్ చూసి దిద్దాలె. సెమినార్ మార్కు తగ్గిస్తే కారణం రాసియ్యాలె. ఒక పేపర్ పోయిందని ఫెలోషిప్ ఆపొద్దు. కొత్త లెక్కలు, కొత్త భాష నేర్చుకునేటందుకు ముందుగాల తోడు తరగతులు పెట్టాలె. 2019లో యూజీసీ రెండు క్రెడిట్ల పరిశోధనా నీతి పేపర్ పెట్టింది. దొంగరాతలు రాయొద్దని చెప్తది, మంచిదే. మరి దొంగమార్కుల నీతి ఏ పేపర్ల ఉంది?

తమ్ముడా, చెల్లె, జుక్కల్ నుంచో బాన్సువాడ నుంచో రేపు మీరూ ఆ గేటు లోపలికి పోతరు. రూళ్ల పుస్తకం మొదటి రోజే అడిగి తీస్కోండ్రి. ఏ మార్కు తగ్గినా నోటితోని కాదు, కాయిదం మీద అడుగుండ్రి. జవాబు కూడా కాయిదం మీదనే తీస్కోండ్రి. ఒక్కలు అడిగితే పొగరంటరు. పదిమంది కలిసి అడిగితే దాన్నే రూలు అంటరు.